బదులు గుమ్మంలోనే

మా మేనత్తకు ఫోన్‌లో ఎవరైనా ఒక ముక్క రాస్తే, ఆవిడ బదులు రాయదు. చెప్పులేసుకుని వాళ్లింటికెళ్లి చెబుతుంది.

ఎదురింటి పళ్ల డాక్టరు పొద్దున్నే పువ్వు బొమ్మతో "శుభోదయం" పంపేవాడు. ఓ రోజు నోట్లో బ్రష్షుతోనే తలుపు తీయాల్సొచ్చింది. గుమ్మంలో మేనత్త.

"మీకూ శుభోదయం. పనుండి పంపారా, ఏమీ తోచక పంపారా?"

ఆ దెబ్బతో మా వీధిలో పువ్వులన్నీ రాలిపోయాయి.

"అక్కడే రెండక్షరాలు కొడితే పోలా అత్తా?" అంటే, "మొహం చూడకుండా మాట్లాడ్డానికి నేనేమన్నా దయ్యాన్నట్రా?" అంటుంది. తమాషా ఏమిటంటే, రైల్వే స్టేషన్లో మొహం కనపడకుండా మైకులో మాట్లాడి మాట్లాడి రిటైరైన మనిషావిడ. ఆ గొంతు ఇంకా దిగలేదు. భోజనాల దగ్గర ఉప్పు గిన్నె ఇటివ్వమన్నా మూడో ప్లాట్‌ఫారం దాకా వినపడుతుంది.

మా అమ్మాయిని పిచ్చుక అంటాం. తొమ్మిదో తరగతి. పళ్లకు క్లిప్పులు. మెట్లెక్కుతూ పాడుతుంది, దిగుతూ పాడుతుంది. ఈమధ్య ఓ పాట వీడియో తీసి అందరూ చూసేలా పెట్టుకుంది. ఆ వారంలోనే ఇంట్లో పాట ఆగిపోయింది. బడికి వెళ్లనంది. మాట్లాడాల్సొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

మేనత్త దాని చేతిలో ఫోన్ లాక్కుని చదివింది. రాసింది పిచ్చుక క్లాసు పిల్లలే. "పళ్లా, ఇనప కంచా?" "గొంతంతా తుప్పు." "దీని నోరు కుట్టేయండి, పుణ్యముంటుంది." కింద వరసగా పడీపడీ నవ్వే బొమ్మలు.

ఆవిడ కోపం నాకు కొత్త కాదు. కానీ ఈసారి గొంతు తగ్గింది. అది చూసి నాకు భయమేసింది.

"ఈ దుకాణం ఎవడిదిరా?"

"ఏదో కంపెనీది అత్తా."

"వాడిల్లెక్కడ?"

"చాలా దూరం."

"టికెట్టు తియ్యి."

"వాళ్లు మనల్ని కలవరత్తా. అయినా పిల్లలకి నియమాలవీ పెట్టారు. వయసు అడుగుతారు."

"అడిగి? పిల్లలేం చెబితే అది నమ్మి గేటు తీస్తారా? పట్టాల పక్కన పసిపిల్ల కనబడితే రైలే ఆపేవాళ్లంరా మేం! వీళ్లు చూడూ, ఆ పిల్ల ఎంతసేపు నిలబడుతుందా అని లెక్కేసుకుని రైలు వేగం పెంచుతున్నారు. నోటితో అనడానికి జంకే మాటని వేలితో అనిపించే వస్తువు... అది పిల్లల చేతికా? పద, స్కూటరు తియ్యి. దగ్గరిళ్లతో మొదలెడదాం."

మొదటింట్లో తలుపు తీసింది "ఇనప కంచె" కుర్రాడే. మేనత్త గొంతు సవరించుకుంది.

"దయచేసి గమనించగలరు! 'పళ్లా, ఇనప కంచా' అని రాసిన బాబు, ఆ మాటను నా మొహం చూసి మరొక్కసారి అనవలసిందిగా కోరుతున్నాం!"

మేడల మీద కిటికీలు తెరుచుకున్నాయి. కుర్రాడు నోరు తెరిచాడు. మాట రాలేదు గానీ క్లిప్పులు కనబడ్డాయి. వాడిక్కూడా మా ఎదురింటి డాక్టరే వేశాడట.

రెండో ఇంటాయన, "పిల్లలు సరదాకి అంటారండీ" అన్నాడు. "అయితే సరదాగా మీరే చదవండి, పైకి" అని మేనత్త ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. రెండు ముక్కలు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

మూడోది "నోరు కుట్టేయండి" అమ్మాయిల్లు. పిచ్చుక పక్క బెంచీ పిల్ల. తండ్రి తలుపు తీసి మమ్మల్ని చూస్తూనే, "మళ్లీ ఏం వెలగబెట్టింది?" అని నడుం బెల్టు మీద చెయ్యి వేశాడు. వెనకాల ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది.

మేనత్త గొంతు సవరించుకుంది. నేను కళ్లు మూసుకున్నాను.

"దయచేసి గమనించగలరు! మా పిచ్చుకకి 'నువ్వు చాలా బాగా పాడావు' అని రాసిన అమ్మాయి ఇల్లు ఇదే! థాంక్స్ చెప్పి పోదామని వచ్చాం!"

తండ్రి చెయ్యి బెల్టు మీంచి జారింది. "ఇంతమాత్రానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారా?"

"మర్యాద బాబూ."

వీధి మలుపు తిరిగాక అడిగాను. "అంత అబద్ధమా అత్తా?"

"రాని రైలుని వస్తోందని ఎన్నిసార్లు చెప్పలేదురా! చెప్పగా చెప్పగా కొన్ని నిజంగానే వచ్చేవి."

మర్నాడు సాయంత్రం మా గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది. పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఫోన్లో పెడదామనుకున్నా. మీకు ఇంటికొచ్చి చెప్పాలటగా" అంది ఆ పిల్ల, నేల చూపులు చూస్తూ. "నేను రాసింది... ఇప్పుడు నీ ఎదురుగా నా నోటికే రావట్లేదే. సారీ."

"మరి బాగా పాడానన్నావటగా? బామ్మ చెప్పింది."

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "బాగానే పాడావు. చివర్లో కాస్త శ్రుతి తప్పావు."

"ఎక్కడ తప్పానే!" పిచ్చుక చెయ్యి తీసేసింది. క్లిప్పులన్నీ తళతళలాడాయి. గుమ్మంలోనే అందుకుంది పాట, మొదటినుంచీ. చివర్లో నిజంగానే శ్రుతి తప్పింది. ఇద్దరూ పకపకా నవ్వారు.

లోపల్నుంచి గొంతు వినబడింది, వీధి చివరిదాకా.

"ఒరేయ్! ఆ కంపెనీవాడి అడ్రసు దొరికిందా?"