ఇంగువ వాసన

కరీంనగర్‌లో కెమిస్ట్రీ సారు పోయారని పోస్టుకార్డు వచ్చింది. ఆయన ఇంటామె ఎవరిచేతనో తెలుగులో రాయించింది. నాలుగే ముక్కలు. జ్వరం వచ్చింది, పచ్చకామెర్లన్నారు, దవాఖానాలో పోయారు, మీ చెల్లెకు చెప్పండి. కార్డు నాకు అందేసరికి ఆయన్ను మట్టిచేసి వారం అయింది. ఆ పూట దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నాను గానీ నోటికి మంత్రం రాలేదు. ముక్కుకు ఇంగువ వాసన వచ్చింది. ఎందుకో చెబుతాను.

ఆయన పేరున్న మనిషి కాదు. కాలేజీలో లెక్చరర్ కూడా కాదు. లాబులో పిల్లల పక్కన నిలబడి ప్రయోగాలు చేయించే డెమాన్‌స్ట్రేటరు. వయసు నలభైకి అటూ ఇటూ. ఆయన గురించి ఎవరూ రాయరని నేను రాస్తున్నాను. నాకు రాసే అలవాటు లేదు. జపం చేసుకునే మనిషిని. మాట వెనకాముందు అయితే చదివేవాళ్లు సర్దుకోవాలి.

మాది బోథ్. బాపుకు కిరాణం దుకాణం ఉండేది. ఇంటికి పెద్దదాన్ని నేను, అందరికంటే చిన్నది చెల్లె. మా ఇద్దరికీ ఇరవై ఆరేళ్లు తేడా. దాన్ని కన్న నెలకే అవ్వ పోయింది. అప్పటికే నేను భర్త పోయి పుట్టింట్లో ఉన్నాను. అది నా చేతుల్లో పెరిగింది. డాక్టరు అవుతానని ఏడో తరగతిలోనే అన్నది. బాపు నవ్వి ఊరుకున్నాడు గానీ కాదనలేదు.

పీయూసీ కోసం కరీంనగర్‌లో ఒక గది తీసుకున్నాం. దానికి తోడు నేను. పరీక్ష పాసైంది. డాక్టరీ సీటుకు మాత్రం ఆ మార్కులు చాలలేదు. సైన్స్ పరీక్షలు మళ్లీ రాసి మార్కులు పెంచుకుంటే వచ్చే ఏడు చూడొచ్చన్నారు. మళ్లీ రాసింది. మళ్లీ చాలలేదు. మిగతావన్నీ పెరిగినయి, కెమిస్ట్రీ ప్రాక్టికల్ దగ్గర పడిపోయింది. అదే గది, అదే కుంపటి, అవే పుస్తకాలు. రెండో ఎండాకాలం వచ్చేసరికి అది చదివే పాఠాలు నాకే నోటికి వస్తున్నయి. దానికి మాత్రం పుస్తకం తెరిస్తే కళ్లు మూతపడేవి.

బాపు ఉత్తరం రాశాడు. "ఇంకొక్కసారి. గంతే. గీసారి సీటు రాకుంటే ఇద్దరు సామాను సర్దుకొని ఇంటికి రాండ్రి." బాపు ఒక మాట రాస్తే అది మారదు. ఆ ఉత్తరాన్ని నేను ఆంజనేయస్వామి పటం వెనక పెట్టాను.

మళ్లీ రాసేవాళ్లను కాలేజీ లాబులోకి రానిచ్చేవారు కాదు. వాళ్లు బయటి పిల్లల కింద లెక్క. అలాంటివాళ్లను సారు సాయంత్రాలు తన ఇంటి వసారాలో కూర్చోబెట్టుకునేవారు. మా గదికి మూడిళ్ల అవతల. ఎవరినీ రమ్మనలేదు, వచ్చినవాళ్లను పొమ్మనలేదు. అక్కడికి వచ్చేవాళ్లందరి ముఖాలూ ఒకేలా ఉండేవి, బస్సు తప్పిపోయి రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లలా.

మొదటి రోజు నేను జపమాల పట్టుకొని వాకిట్లో కూర్చున్నాను. ఆడపిల్లను ఒంటరిగా పంపే కాలం కాదు. సారు చూసి, "ఆపా, గా ఎండల ఎందుకు? లోపల మా అమ్మీ ఉన్నది, పోయి కూసోండ్రి," అన్నారు. వాళ్లలో అక్కను ఆపా అంటారు. ఆ రోజు నుంచి చివరిదాకా నేను ఆయనకు ఆపానే.

తర్వాత చెల్లె వైపు తిరిగారు.

"ప్రాక్టికల్ల యాడ పోయింది బేటా?"

"సాల్ట్ దగ్గర సార్."

ఏదో ఒక ఉప్పు చేతికిచ్చి అదేమిటో చెప్పమంటారు. దాని మీద యాసిడ్ చుక్క వేస్తే పొగ వస్తుంది. ఆ పొగ వాసనను బట్టి పోల్చుకోవాలి.

"వాసన ఏమొచ్చింది?"

చెల్లె తల వంచుకుంది. "ఇంగువ వాసనొచ్చింది సార్. గదే రాసిన. సదివిన పుస్తకమంత యాది జేసుకున్న, యాడ ఇంగువ లేదు. ఇగ ఏం తోచక వేరే ఉప్పు పేరు రాసిన."

పక్కనున్న పిల్లలు పక్కున నవ్వారు. "పరీక్షల పప్పుకు పోపు పెట్టినవా?" అన్నాడొకడు. సారు కూడా నవ్వారు గానీ, వెంటనే ఆపుకున్నారు.

"పుస్తకంల కుళ్లిన కోడిగుడ్డు వాసన అని ఉంటది. ఎప్పుడన్న చూసినవా?"

"మా ఇంట్ల గుడ్డు అనే మాటనే ఎత్తరు సార్."

"మరి పుస్తకం రాసినోడు మీ ఇంట్ల బువ్వ తినలే. నీ ముక్కు తప్పు చెప్పలే బేటా. ఇంగువల సుత గంధకమే ఉంటది, గా పొగల సుత గంధకమే. కని దిద్దేటాయనకు ఇంగువ అంటే ఎక్కది. ఆయన గుడ్డు తినేటాయన."

ఈసారి చెల్లె కూడా నవ్వింది. నెలల తర్వాత దాని నవ్వు విన్నాను.

తప్పు దానిది కాదని తెలిసింది గానీ దారి తెలియలేదు. అది చదివిన ఏడు కాలేజీ కొత్తది, లాబులో ఆ పొగ చేసి చూపే సామాను ఇంకా రాలేదు. సామాను వచ్చేసరికి దీనికి లాబు గుమ్మం మూతపడింది. సారు నా వైపు చూశారు.

"కాలేజీ సామాను నేను ఇంటికి తేను ఆపా. కోడి మాత్రం మా ఇంటిదే. ఒక గుడ్డు కుళ్లబెడుదాం. మీరు సరే అంటెనే."

నేను సరే అనలేదు. రెండు రోజులు ఆలోచించాను. బాపు చెవిన పడితే ఫలితాల దాకా ఆగడు, ఆ రోజే సామాను సర్దమంటాడు. స్వామిని అడిగాను. స్వామి అవుననలేదు, కాదనలేదు. రెండో రాత్రి చెల్లె చదువుతూ చదువుతూ, "అక్కా, ఇగ నాతోని కాదే," అని పుస్తకం మీదే తల పెట్టుకుంది. మూడో రోజు వెళ్లి చెప్పాను.

"అది తాకది. ముక్కుతోని చూస్తది. గంతే."

"పరీక్ష ముక్కుకే ఆపా," అన్నారు సారు.

గుడ్డుకు సూదితో చిన్న బెజ్జం పెట్టి, మట్టి ముంతలో ఉంచి, మూతపెట్టి పెరట్లో ఎండకు పెట్టారు. ఆయన తల్లికి ఇది ఏమాత్రం నచ్చలేదు. "యా అల్లా! మంచి గుడ్డును పాడు చేసుడు గిదేం సదువు? కూర వండితే అయిపాయె!" అని రోజుకోసారి కోప్పడేది. ఆమెకు అప్పటికే మతిమరుపు మొదలైంది. వారానికి ఆ ముంత సంగతి మరిచిపోయి, గుడ్డును ఎక్కడో పారేసి ముంత తోమి బోర్లించింది. సారు ఆ ముంత వైపు చూసి, కళ్లద్దాలు తీసి కళ్లు రుద్దుకొని, "ఫిర్‌సే," అన్నారు. ఇంకో గుడ్డు తెచ్చారు.

ఫిర్‌సే అంటే మళ్లీ మొదటి నుంచి. ఆ వసారాలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. ఒక చుక్క ఎక్కువ పడితే ఫిర్‌సే. లెక్క తప్పితే ఫిర్‌సే. కోపంగా అనేవారు కాదు, ధైర్యం చెబుతున్నట్టూ అనేవారు కాదు. అలిసిన మనిషి ఇంకో మెట్టు ఎక్కుతూ అనుకునే మాటలా ఉండేది. లోపల కూర్చొని నేను పూసలు తిప్పుతుంటే నూటెనిమిది అయిపోయి మేరుపూస వేలికి తగిలినప్పుడల్లా నాకూ అదే మాట వినబడేది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఏ వస్తువునైనా మూడుసార్లు చెప్పేవారు. తేజాబ్, యాసిడ్, ఆమ్లం. ఉర్దూలో, ఇంగ్లిషులో, తెలుగులో. ఒకరోజు పిల్లలు వెళ్లిపోయాక ఎందుకని అడిగాను. ఆయన ఇంటామె నేను చాయ్ తాగనని తెలిసి పటికబెల్లం ముక్క పంపేది. అది చేతిలో పట్టుకొని ఉన్నాను.

"నేను సుత డాక్టరీకే సదివిన ఆపా," అన్నారు. "నైజాం కాలంల సైన్స్ అంత ఉర్దూలనే. మార్కులు తక్కువొచ్చినయి. మళ్ల రాసిన. జర పెరిగినయి, కని చాలలే. మూడోసారి కూసునేసరికి సర్కారు మారింది, సదువు ఇంగ్లిషుల అన్నరు. తేజాబ్ నాకు బాగ ఎరుక. గది యాసిడ్ అని యాదికొచ్చేసరికి గంట కొట్టిండ్రు."

"నాలుగోసారి రాయలేదా?"

"అలిసిపోయిన ఆపా."

అంతే అన్నారు. ముంత మూత సరిగా ఉందో లేదో చూడటానికి పెరట్లోకి వెళ్లారు.

ముంత మూత తీసిన రోజునే బాపు వచ్చాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. కొండగట్టులో మొక్కు తీర్చుకొని, అక్కడి నుంచి మమ్మల్ని చూద్దామని వచ్చాడట. గదికి తాళం చూసి, ఎవరో చెబితే సారు ఇంటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే సారు గుడ్డు పగలగొట్టారు. చెల్లె ఒంగి వాసన చూసి, ముక్కు మూసుకొని గోడ దాకా పరుగెత్తి, అక్కడి నుంచి అరిచింది. "అక్కా! ఇంగువనే! ఇంగువ కుళ్లినట్టున్నది!"

వాకిట్లో బాపు, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకొని.

"ఏం వాసననే ఇది?"

సారు చేతిలో గుడ్డు పెంకు అలాగే ఉంది. నేను బాపుకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

"సదువు వాసన బాపు," అన్నాను.

బాపు ముంత వైపు చూశాడు. సారు వైపు చూశాడు. "సదువు గింత కంపు కొడ్తదా?"

"కొడ్తది బాపూ," అన్నారు సారు. "అత్తరు లెక్క ఉంటే ఊరంత సదువుకుందురు."

బాపు నవ్వలేదు, కోప్పడలేదు. మా గదికి వచ్చి కాళ్లు కడుక్కొని అన్నం తిన్నాడు. గుడ్డు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బస్సు ఎక్కేముందు మాత్రం అడిగాడు.

"గీసారి అయితదా?"

"ఏమో బాపు."

"నీ మొకం బాగ గుంజుకపోయింది బిడ్డా," అన్నాడు. తర్వాత బస్సు కదిలింది.

పరీక్ష రోజు కాలేజీ గేటు బయట ఎండలో నిలబడ్డాను. చెల్లె బయటికి వచ్చి నా భుజం మీద వాలిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"అక్కా, వాసననే లేదే! తేజాబు పోస్తే బుసబుస పొంగింది. ముక్కు పెట్టి చూసిన. ఏ వాసన లేదు!"

ఎండాకాలమంతా కాపలా కాసిన గుడ్డు అలా పోయింది. కానీ ఈసారి అది జడుసుకోలేదు. వాసన లేదని గట్టిగా రాసి, మిగతా పరీక్షలు వరసగా చేసి, ఉప్పు పేరు సరిగానే రాసింది. సారుకు చెబితే, "మంచిదే. గుడ్డు వాసన ఎప్పుడన్న పనికొస్తది," అన్నారు.

మార్కులు వచ్చాయి. చాలా రోజుల తర్వాత సీటు వచ్చిందని కాగితం వచ్చింది. పటం ముందు పెట్టి, బాపుకు ఉత్తరం రాసి, తర్వాత సారు ఇంటికి తీసుకుపోయాం.

సారు చేతులు తుడుచుకొని తీసుకున్నారు. ఆయన వేళ్ల చివరలు ఏదో మందు పడి ఎప్పుడూ నల్లగా ఉండేవి, ఎంత తుడిచినా పోయేవి కావు. పేరుతో సహా ఒక్కొక్క మాటా పైకి చదివారు, ఇంగ్లిషులో. తర్వాత తల్లికి తెలియాలని ఉర్దూలో చెప్పారు. మెడికల్ కాలేజీ అన్న మాట వినబడగానే ఆమె మంచం మీద లేచి కూర్చుంది. మమ్మల్ని చూడలేదు. కొడుకునే చూసింది.

"ఆఖిర్ మిలా, బేటా?"

చివరికి దొరికిందా కొడకా అని. చెల్లె ఏదో చెప్పబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

సారు కాగితం మడతల వైపు చూశారు.

"హా అమ్మీ," అన్నారు. "మిల్ గయా."

ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఆయన వంగి పెట్టించుకున్నారు. తర్వాత కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి చెల్లెకు ఇచ్చేశారు.

చెల్లె ఇప్పుడు హైదరాబాదులో పెద్ద దవాఖానాలో హౌస్ సర్జన్. కార్డు సంగతి రాస్తే, సెలవు దొరకలేదక్కా, నువ్వు పోయిరా అని జవాబిచ్చింది. అక్షరాలు అక్కడక్కడ తడిసి ఉన్నాయి. బోథ్ నుంచి కరీంనగర్ ఇప్పుడు నాకు దూరమే. బస్సులు మారి, నడుము పట్టుకొని దిగేసరికి మధ్యాహ్నం దాటింది.

వసారాలో సారు కూర్చునే చోట ఎవరూ లేరు. ఆయన ఇంటామె నా చేతులు పట్టుకొని ఏడ్చింది. "ఆఖరి స్నానంల సుత వేళ్ల మీది నలుపు పోలే ఆపా," అన్నది. పటికబెల్లం తేవడం ఆమె మరిచిపోలేదు.

లోపల ఆయన తల్లి మంచం మీద ఉంది. చాలా చిన్నగా అయిపోయింది. నన్ను గుర్తుపట్టినట్టే తలూపింది.

"కూసో బిడ్డా. వాడు దవాఖానల నుంచి ఇంక రాలే. బీమారోళ్లు శాన ఉన్నట్టున్నరు."

ఆయన ఇంటామె ముఖం తిప్పుకుంది.

"అవునమ్మా. ఇయ్యాల డ్యూటీ ఉన్నది," అన్నాను.

హైదరాబాదులో చెల్లెకు ఆ రోజు నిజంగానే డ్యూటీ ఉంది.

ఆమె సరేనన్నట్టు వెనక్కి ఆనుకుంది. ఒళ్లో సారు లాబుకు వేసుకునే తెల్లచొక్కా. తేజాబు చుక్కలు పడి ముందరంతా సన్నటి చిల్లులు. ఆమె వేలు ఒక చిల్లు మీద ఆగి, కాసేపు ఉండి, పక్కదాని మీదికి జరుగుతోంది. నేను సంచిలో నుంచి మాల తీసి, పాత చోటనే గోడకు ఆనుకొని కూర్చున్నాను. చొక్కా అంచు దాకా పోయిన ఆమె వేలు మళ్లీ కాలరు దగ్గరికి వచ్చింది.