ఆపే ముందు పార్క్ చేయమన్న మేడమ్

"పొద్దున పోయింది బిడ్డా" అని మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, మా కంప్యూటర్ మేడమ్ గారి పాత కంప్యూటర్ పాడైందనుకున్నాను. ఫోన్ చేసింది మేడమ్ చెల్లెలు; మేడమ్ ఉంటున్నది ఆమె ఇంట్లోనే. "హార్డ్ డిస్కా?" అని అడిగాను. "అక్క, బిడ్డా. అక్క పోయింది" అన్నారామె. ముందు రోజే మేడమ్ నాతో ఫోన్లో మాట్లాడారు. గొంతు ఎప్పటిలాగే ఉంది. ఆ రెండు ఫోన్లూ నాకింకా పొసగడం లేదు.

సూర్యాపేటలో ఆవిడ నడిపిన కంప్యూటర్ సెంటర్లోనే నేను పని నేర్చుకున్నాను, అక్కడే కొన్నాళ్లు పనిచేశాను. ఇవాళ బడిలో కంప్యూటర్ చెప్పి బతుకుతున్నానంటే ఆవిడ చలవే. మొదటి పాఠం, కంప్యూటర్ ఆపడం. అప్పటి హార్డ్ డిస్కులో పళ్లేలు గిర్రున తిరుగుతుంటే, వాటికి వెంట్రుకవాసి ఎత్తున హెడ్ అనే చిన్న ముక్క కదులుతూ చదివేది, రాసేది. దాన్ని ఖాళీ జాగాకు పంపకుండా ఆపేసి కంప్యూటర్ను కదిపితే, అది పళ్లెం మీద గీసుకుని రాసిందంతా పోవచ్చు. అందుకే ఆపే ముందు 'పార్క్' అని టైపు చేయాలి. "ఊకె స్విచ్ నొక్కకు బిడ్డా. జర దాన్ని పక్కకు పండవెట్టి ఆపు" అనేవారు.

సెంటర్ను కోదాడకు మార్చిన రోజు మేడమ్ ఆ కంప్యూటర్ను ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పెళ్లికార్డుల కోసం చుక్క చుక్క పేర్చి ఆవిడే చేసుకున్న తెలుగు అక్షరాలు అందులో ఉన్నాయి. నకళ్లున్న ఫ్లాపీలు అప్పటికే బూజు పట్టాయి. సగం దారిలో ఉన్నట్టుండి "నేను పార్క్ చేసిన్నా?" అన్నారు. నాకూ గుర్తు లేదు. చేసినట్టే ఉంది, చేయనట్టూ ఉంది. దారి పక్క హోటల్ దగ్గర ఆటో ఆపించి ప్లగ్గు అడిగారు.

"ఏమైందమ్మా, దానికి పానం బాగలేదా?" అన్నాడు హోటలాయన.

"అదే తెలుస్తలేదు" అన్నారు మేడమ్, నవ్వకుండా.

టీ గ్లాసులు జరిపి, మానిటర్ తగిలించి, ఆన్ చేసి, పార్క్ చేసి బయల్దేరాం. అక్షరాలు క్షేమంగా చేరాయి. మొదట చేశామో లేదో మాత్రం మాకెప్పటికీ తెలియలేదు.

కొత్త డిస్కుల్లో హెడ్ దానంతటదే పక్కకు పోతుందని తర్వాత చెప్పాను. "ఎరుకే. అయినా చెప్పి ఆపితేనే నాకు నిమ్మళం" అన్నారు. నా మాట నమ్మారో లేదో.

నేను మిర్యాలగూడ చేరేసరికి మేడమ్‌ను ముందుగదిలో పడుకోబెట్టారు. లోపల ఆ పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. దాని ముందే కూర్చుని ఒరిగిపోయారట. "అది ఆపుడు మాకెవ్వరికి రాదు. కరెంటు పోతదేమోనని ఒకటే పరేషాన్ అయితున్న" అన్నారు చెల్లెలు.

తెర మీద 'ళ' సగంలో ఉంది. చుక్కలు కలుపుతున్నారో, తీసేస్తున్నారో అర్థం కాలేదు. సేవ్ చేస్తే బాగున్న పాత 'ళ' పోతుంది. చేయకపోతే ఆవిడ చివరి పని పోతుంది.

"ఏం చేద్దామమ్మా?"

"నాకేమెరుక బిడ్డా. అక్క చేసింది ఉండనియ్యి."

సేవ్ చేశాను. పార్క్ అని టైపు చేశాను. లోపల టక్కుమంది. స్విచ్ ఆపాను. చెల్లెలు వచ్చి నల్లబడిన తెర మీద అరచెయ్యి ఆనించారు.

"ఇంక ఎచ్చగనే ఉన్నది" అన్నారు. చెయ్యి తీయలేదు.