బెల్లం అంటిన ఆఖరి పేజీ

ముసురు పట్టిన రోజుల్లో మా పుస్తకాల అలమరలోకి చీమలు బారు కడతాయి. అవి వచ్చేది ఒకే పుస్తకం కోసం. అట్ట ఊడిపోయిన ఆ పాత ఇంగ్లీషు నవల ఆఖరి పేజీ మీద అరచేతి వెడల్పున ఒక మరక ఉంది. గాలిలో తేమ చేరితే అది మళ్ళీ జిగురెక్కుతుంది, బెల్లం వాసన వేస్తుంది. ఈ సాయంత్రం చీమలను దులుపుతూ ఆ వాసన పీల్చాను. మా పాప ఇప్పుడే నిద్రపోయింది. ఎస్తేరక్క గురించి రాయాలని కూర్చున్నాను.

ఎస్తేరక్కది తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో చిల్లర అంగడి. చదివింది పదో తరగతి. పొట్లాలు కట్టడానికి నెల్లూరు నుంచి పాత కాగితాలు తూకానికి తెప్పించేది. వాటిలో అప్పుడప్పుడూ ఇంగ్లీషు నవలలు వచ్చేవి. మధ్యాహ్నం బేరం లేనప్పుడు వాటిని కూడబలుక్కుని చదువుతూ ఆమె ఆ భాష నేర్చుకుంది. ఊళ్ళో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

నేనప్పుడు నెల్లూరులో డిగ్రీ మొదటి సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో. నవలలు చదివితే భాష వస్తుందని మేడమ్ చెబితే, క్లాసులో బాగా మాట్లాడే అమ్మాయి చేతిలో ఉన్నదానిలాంటి లావుపాటి నవలే నేనూ లైబ్రరీలో తీసుకున్నాను. బస్సులో అట్ట కనబడేలా ఒళ్ళో పెట్టుకునేదాన్ని. ఇంటికి వచ్చి ప్రతి మాటకీ డిక్షనరీ తీసి, నోటుపుస్తకంలో అర్థం రాసుకునేదాన్ని. నెల గడిచినా నాలుగో పేజీ దాటలేదు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే మా నాయన నా ముఖం చూసి, "కష్టంగా ఉంటే మానెయ్ మే, ఎవురేమంటారు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. సోమవారం నుంచి కాలేజీకి వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. అమ్మ ఆ మాట అంగట్లో చెప్పి, అరకిలో బెల్లం తెచ్చింది.

మర్నాడు ఆదివారం. ఎస్తేరక్క చర్చి నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది, తెల్లచీరలో, చేతిలో బైబిలుతో.

"వదినా, నిన్న బెల్లం కట్టిచ్చిన కాయితం ఉండాదా, పొయ్యిలో పెట్టేసినావా?"

"కాయితం కోసరం వచ్చినావా?" అంది అమ్మ.

"నవల ఆఖరి పేజీ వదినా. చూసుకోకుండా చించేసినా. రాత్రి చదవతా పోతే చివర లేదు. ఆ పడవ దరికి చేరిందో లేదో తెలీక నిద్ర పట్టలా. ప్రసంగంలో గూడా అదే ధ్యాస. దేవుడు క్షమించాల."

అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ముందురోజు బెల్లం డబ్బాలో వేస్తూ ఊరికే చూశాను. పడవలో ఇద్దరు అన్నదమ్ములు, తిరిగిన గాలి, ఒడ్డున దీపం పట్టుకుని నిలబడ్డ తమ్ముడి భార్య. గాలి తిరిగితే ఏమవుతుందో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు డిక్షనరీ చెప్పనక్కర్లేదు. తెలియని మాటల మీదుగా రెండు వైపులా చదివేశాను. లోపలి నుంచి తెచ్చి ఇస్తూ, "పడవ చేరిందక్కా. తమ్ముడే రాలా. అన్న ఒక్కడే వచ్చినాడు" అన్నాను.

ఆమె కాగితం వైపు చూసింది, తర్వాత నా వైపు.

"నువ్వు చదివినావా? ఇంగ్లీషు రాదని కాలేజీ మానేస్తన్నావంట గదా."

"ఒక్క కాయితమే గదక్కా."

"నవల మాత్రం ఏంది మే? అదీ ఒక్కో కాయితమే గదా."

సోమవారం బస్సెక్కాను. లావుపాటి నవల లైబ్రరీలో ఇచ్చేసి, సాయంత్రం అంగడికి వెళ్ళాను. ఎస్తేరక్క నవలలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేది. నేను పెద్దదాని మీద చెయ్యి వేస్తే, "అట్ట ఎవురికి చూపించాల, కండక్టరుకా?" అనేది. మధ్యలో ఎక్కడైనా తెరిచి ఒక పేజీ చదవమనేది. అర్థమైందా అని ఏనాడూ అడగలేదు. "తర్వాత ఏమైందో చూడాలని ఉండాదా?" అని మాత్రమే అడిగేది. లేదని నేనంటే ఆ పుస్తకం మారుమాట లేకుండా డబ్బాలోకి వెళ్ళిపోయేది. ఒకసారి ఆమె మనసు నొప్పించలేక చూడాలని ఉందని చెప్పి, వారం తర్వాత చదవకుండానే తిరిగి ఇచ్చాను. కొలిచిన పప్పు పొట్లం కడుతూ, "నాకోసరం చదవబాక" అంది. కోపం లేదు. ఆ మాట నాకు కోపం కంటే ఎక్కువ తగిలింది.

ఆ పడవ నవలకు ఆఖరి పేజీని అన్నం మెతుకులతో అతికించి, నేను డిగ్రీ పాసైన రోజున నా చేతిలో పెట్టింది. నాలుగేళ్ళ కిందట ఎస్తేరక్క పోయింది. అప్పటికి మా పాపకు అక్షరాలు కూడా సరిగా రావు.

పాప ఇప్పుడు మూడో తరగతి. తోటిపిల్ల ఒకతె పెద్ద పెద్ద ఇంగ్లీషు కథలు చదివేస్తోందని వాళ్ళమ్మ చెబితే, ఆ సాయంత్రమే నేనూ పుస్తకాల దుకాణానికి వెళ్ళాను. అలాంటి పుస్తకమే కొని తెచ్చాను. నాలుగు రోజులుగా నేను మాట మాటకీ అర్థం చెబుతున్నాను, పాప ఏడుస్తోంది. బస్సులో ఒళ్ళో పెట్టుకున్న పుస్తకమే మళ్ళీ పిల్ల చేతిలో పెట్టానని, ఈ సాయంత్రం చీమలు దులిపేదాకా నాకు తోచలేదు.

దాన్ని తీసి పైన పెట్టేశాను. ఇంట్లో ఉన్న పల్చటి ఇంగ్లీషు కథల పుస్తకాలు మూడు తీసి, ఒక్కోదానిలో ఒక పేజీ వదిలి మిగతా పేజీలకు రబ్బరు బ్యాండు వేసి పాపకు ఇచ్చాను. మొదటిది చదివి పక్కన పెట్టేసింది. రెండోదీ అంతే. మూడోది తప్పులు పలుకుతూ, కొన్ని మాటలు దాటేస్తూ చదివింది. సరిదిద్దాలని నాలుక మీదికి వచ్చింది. నోరు మూసుకుని కూర్చున్నాను. పేజీ అయిపోయింది. పాప నా వైపు చూడను కూడా లేదు. రబ్బరు బ్యాండును గోటితో లాగుతూ, "అమ్మా, దీన్ని తియ్యి" అంది.