బీరప్ప ఫోన్‌లో అడిగిన ప్రశ్నలు

మూడేళ్ల కిందటి మాట. అప్పుడు తాండూరులో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. కర్ణాటకలో పది రోజుల ఎక్స్ఛేంజ్ క్యాంప్‌కు, అంటే రెండు రాష్ట్రాల విద్యార్థులు కలిసి ఉండి ఒకరి భాష, పద్ధతులు ఒకరు నేర్చుకునే శిబిరానికి, మా కాలేజీకి తొలిసారి ఒకే ఒక్క సీటు వచ్చింది. పెద్దేముల్ దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చే శిరీషకు అది దక్కింది. కావలసిందల్లా కన్సెంట్ ఫారం, అంటే అంగీకార పత్రం మీద తండ్రి సంతకం. సాయంత్రంలోగా పంపకపోతే సీటు వేరే కాలేజీకి పోతుంది.

తండ్రి బీరప్ప గొర్ల కాపరి. భుజాన గొంగడితో వచ్చి, ఫారం ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"నేను పంప సారూ. చూడని జాగకు మందనే తోల. బిడ్డను తోల్తనా?"

శిరీష కళ్ల నిండా నీళ్లు. నాకు ఒళ్లు మండింది.

"ఊరు దాటని మనిషివి, నీకేం తెల్సయ్యా! బిడ్డ బతుకు ఎందుకు ఖరాబ్ జేస్తవ్?" అని గదమాయించాను.

శిరీషే అడ్డుపడింది. "గట్లనకుండ్రి సార్. మా నాయిన ఏటా మంద తోలుకొని కర్ణాటక పోతడు. నాలుగు నెలలు ఆడ్నే ఉంటడు."

దరఖాస్తులో 'కుటుంబ సభ్యుల పర్యటన అనుభవం' అన్నచోట, ఆ పిల్లను అడగకుండానే 'లేదు' అని రాసిన ఘనుణ్ని నేనే మరి!

"జాగ ఎట్ల చూస్తవ్?" అని తగ్గి అడిగాను.

"ఒకడు ముందుగాల పోయి గడ్డి, నీళ్లు, పొలమాయన మాట చూసొస్తడు. గప్పుడే మంద కదుల్తది."

పోయి చూసొచ్చే వ్యవధి లేదు. క్యాంప్ వార్డెన్ మేడమ్‌కు ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాను. అంతే, బీరప్ప కన్నడం అందుకున్నాడు! తాగే నీళ్లు ఎక్కడివి, పడక ఎక్కడ, కావలి ఎవరు, జ్వరమొస్తే చూసేదెవరు అని ఒక్కొక్కటే అడిగాడు. మేం అన్ని కాగితాలు నింపాం గానీ అందులో ఒక్క ప్రశ్నా మాకు తట్టలేదు. ఆఫీసంతా పని మానేసి ఆయన్నే చూసింది.

"మంచిగున్నది. పోయి రా బిడ్డా" అని సంతకం పెట్టాడు. నేను లేచి నిలబడి, తప్పు నాదేనన్నాను.

శిరీష క్యాంప్ నుంచి తిరిగొచ్చాక కాలేజీ సభలో ప్రిన్సిపాల్ అడిగారు, ఏం నేర్చుకున్నావమ్మా అని.

"అందరు మా గొర్ల గురించి, గొంగడి గురించే అడిగిండ్రు సార్. నాకు సగం తెల్వదు. రోజు నాయినకు ఫోన్ జేసి తెల్సుకొని చెప్పిన. గీ సెలవులల్ల మందతోని నేను గూడ పోత."

వెనక వరుసలో బీరప్ప తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. పిల్లలకు లోకం చూపించేది కాలేజీయే అనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ పిల్ల తండ్రి మా అందరికంటే ముందే లోకం చూశాడు. ఆ రోజు సభలో ఆయన పక్క కుర్చీలో కూర్చున్నది నేనే. అది ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.