రేకుల మీద అడుగులు

రేకుల మేస్త్రిని అందరూ పిల్లి అంటారు. కప్పు మీద చప్పుడు లేకుండా నడుస్తాడని కొందరు, నేల మీద కాలుగాలినట్టు తిరుగుతాడని కొందరు. రెండూ నిజమే. అన్నం కూడా గుమ్మంలో నిలబడే తింటాడు. కప్పు నెత్తి మీదుంటే అతనికి ఊపిరాడదు, కాళ్ల కిందుంటే హాయి. జనం ఇళ్ల వాసాలు లెక్కపెట్టి మర్యాద సంపాదించుకున్న మనిషి ఇతనొక్కడే.

కప్పు ఎక్కడ కారుతోందో పట్టడం ఇద్దరి పని. నీళ్లు పైన ఒకచోట దూరి, రేకు అడుగున పాకి, ఇంకోచోట రాలతాయి. అందుకని అతను పైన ఒక్కో అతుకు మీదా చెంబుతో నీళ్లు పోస్తే, భార్య కింద తలెత్తి చూస్తుంది. కారిందా, లేదు, ఇప్పుడో, లేదు. వాళ్ల కాపురంలో సగం మాటలు ఇవే. మిగతా సగం పోట్లాటలు. అవి మాత్రం కప్పు లేచిపోయేలా సాగుతాయి.

ఈమధ్య పైకెక్కితే అతనికి కళ్లు తిరుగుతున్నాయి. బోల్టు పట్టుకుని కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎక్కనివ్వరు. ఎక్కకపోతే తనెందుకూ పనికిరాడు. అతని లెక్క అంతే.

పిండిమర కప్పు కారుతోందని పిలుపొచ్చింది. అతను నిచ్చెన ఆనించేసరికి భార్య కొంగు బిగించి మొదటి మెట్టు మీద కాలేసింది.

"ఎక్కడికే?"

"పైకి. నువ్వు కింద ఉండు."

"నీకేం తెలుసని?"

"ఎవరికీ వినపడకపోయినా నాకు నీ అడుగులు తెలుసు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్నావు. ఆగినప్పుడల్లా కింద నా ప్రాణం పోయి వస్తోంది. ఇంక నావల్ల కాదయ్యా."

మర యజమానికి వినోదం దొరికింది. పిల్లికి రెక్కలు కత్తిరించారేంటని అడిగాడు. పిల్లికి రెక్కలుండవని మేస్త్రి కసిరాడు. అప్పటికే ఆమె పైనుంది.

కింద దూలం ఉన్నచోటే, బోల్టుల వరస మీదే అడుగెయ్యమని అరిచాడు. వేస్తున్నానంది. అతను బస్తాల మధ్య అటూ ఇటూ తిరిగాడు. నువ్వు తిరిగితే పిండి లేస్తోంది, ఒకచోట నిలబడవయ్యా అని యజమాని విసుక్కుని బేరం చూసుకోవడానికి వీధి వైపు వెళ్లాడు.

పైనుంచి నీళ్లు పోసిన చప్పుడు. కారిందా అని ఆమె అడిగింది. లేదన్నాడు. ఇంకో అతుకు. లేదన్నాడు. మూడో అతుకు దగ్గర చల్లటి చుక్క ముంజేతి మీద పడింది.

అమ్మో, అప్పుడే పట్టేసింది. ఇంక నిచ్చెన ఆమెదే. రెండో చుక్కా పడింది. చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

"కారిందా?"

"లేదు."

ఆమె ముందుకు నడిచింది. ఆ చివర రేకులు పాతవి. బోల్టుల మీద అడుగు పడితే చప్పుడు గట్టిగా ఉంటుంది, నడిమధ్యన పడితే డొల్లగా. ఇప్పుడు డొల్లగా వినిపించింది. రేకు కిర్రుమంది. అడుగులు ఆగిపోయాయి.

అతను ఆ చప్పుడు కిందకి ఉరికాడు.

"కదలకు. మెల్లగా వెనక్కి, బోల్టుల మీదకి రా. కారేది ఇందాకటి అతుకే."



"లేదన్నావుగా?"

"అన్నాను. కారింది. నా చేతి మీదే పడింది."

అడుగులు మళ్లీ మొదలయ్యాయి, బోల్టు నుంచి బోల్టుకి. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. డాంబరు డబ్బా అందించమంది.

నిచ్చెనెక్కి, తల చూరు దాకా వచ్చాక ఆగాడు. చెయ్యి చాచి డబ్బా రేకు మీద పెట్టాడు. ఇంకో రెండడుగులేస్తే పైనుంటాడు. ఆమె అతని కాళ్ల వంకే చూస్తోంది.

"ముందు అతుకు తుడువు. తడి మీద డాంబరు పట్టదు."

"తెలుసు. దిగు."

దిగాడు. దిగి, పైన ఆమె అడుగులు ఎటుపోతే కింద తనూ అటే పోతూ, మరలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు.