సుగుణ మేడమ్ కొట్టేయించిన ఫలితం

ఉదయం ల్యాబ్‌లో బ్లీచింగ్ నీళ్ళు కలుపుతుంటే ఘాటు గొంతులోకి దిగి దగ్గు పట్టుకుంది. ఆ వాసన తగిలితే చాలు, హుస్సేనీ ఆలంలో ఓ ఇరుకు గది, అందులో బల్ల తోముతున్న సుగుణ మేడమ్ కళ్ళముందుకొస్తారు. పాతబస్తీలో మూడు తరాలుగా పాలు పోసిన ఇంటి ఆడపిల్ల ఆమె. పశువైద్యం చదివి, పుట్టిన గల్లీలోనే కుక్కలకూ పిల్లులకూ క్లినిక్ పెట్టుకున్నారు. పెద్ద జీతం వచ్చే ఉద్యోగం ఎందుకు వదులుకున్నారని అడిగితే, "ఈడ నన్ను పిలిస్తే రెండు నిమిషాల్ల పోతా" అనేవారు. అంతకుమించి ఆ సంగతి చెప్పేవారు కాదు.

నేను కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా కూతుర్ని. పరిశోధన చేస్తున్నానన్న గర్వం తప్ప నా దగ్గర పెద్దగా ఏమీ ఉండేది కాదు. కుక్కపిల్లలకు వాంతులు, నెత్తుటి విరేచనాలు తెచ్చి రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసే పార్వో వైరస్ నా అంశం. పిల్లులకు దాని దాయాది వైరస్ ఒకటి ఉంది. కుక్కల రకం పిల్లులకూ సోకగలదని పుస్తకాల్లో ఉంది గానీ, ఒకే వాకిట్లో తిరిగే మన గల్లీ కుక్కల నుంచి మన పిల్లులకు నిజంగా వస్తోందా అన్నది నా ప్రశ్న. అందుకే మేడమ్ క్లినిక్‌లో నమూనాలు తీసుకునేదాన్ని.

ఆరు నెలలకు ఫలితం వచ్చింది. జబ్బుపడ్డ పిల్లుల్లో సగానికి సగం కుక్కల రకమే. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మేడమ్‌కి చెప్పకముందే మొఘల్‌పురాలో ఫాతిమా బీకి చెప్పేశాను, ఆమె పిల్లి కూడా ఆ జాబితాలో ఉంది కనుక. మర్నాటికల్లా ఆమె తన వాకిట్లో పడుకునే కుక్కపిల్లల్ని తరిమేయించింది.

మేడమ్ కాగితాలన్నీ నెమ్మదిగా చూసి ఒక్క మాట అడిగారు.

"నేను లేని దినాలు బల్ల దేనితోని తుడిచినవ్ బిడ్డా?"

"ఫినాయిల్‌తోనండి."

బ్లీచింగ్‌కు నా చేతులు పొక్కిపోయేవి. పైగా మా ఇంట్లో ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనట్టే లెక్క. కుక్కను దించి, బల్ల అలా తుడిచి, పిల్లి నుంచి తీసిన దూదిపుల్లను ఆ బల్ల మీదే పెట్టి, తీరిగ్గా సీసా మీద పేరు రాసేదాన్ని.

"వాసన మంచిగనే ఉంటది. గా వైరస్‌కు ఫినాయిల్‌తోని ఫికరే లేదు, బ్లీచింగ్‌కే చస్తది" అన్నారు మేడమ్. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. పుల్లకు అంటింది పిల్లిలోని వైరసో, బల్ల మీది కుక్క వైరసో ఇక ఎవరూ చెప్పలేరు. గడువు ఏడాది లోపే ఉంది. మౌనంగా ఉంటే ఎవరికీ తెలియదు, డిగ్రీ వచ్చేస్తుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను.

"మీ సార్‌కు నువ్వే చెప్పు. ఫాతిమా బీకి గూడ నువ్వే చెప్పాలె. నేను ఎంబడి వస్తా, గంతే."

నా పరిశోధన గైడ్ సార్ చీవాట్లు పెట్టి, ఆ నమూనాల ఫలితాలన్నీ కొట్టేయమన్నారు. అది తేలిక. ఫాతిమా బీ గుమ్మంలో నిలబడి నా తప్పు చెప్పుకోవడమే కష్టమైంది. వచ్చీరాని ఉర్దూలో చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. మేడమ్ పక్కనే ఉన్నారు, ఒక్క మాట కూడా అందించలేదు. ఫాతిమా బీ వెంటనే కుక్కపిల్లల్ని వెతకడానికి వెళ్ళింది. రెండు దొరికాయి, ఒకటి దొరకలేదు.

ఆ తర్వాత పిల్లుల్ని క్లినిక్‌కు రానివ్వలేదు మేము. పిల్లికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే మేమే వెళ్ళేవాళ్ళం. పాలవాళ్ళ బిడ్డ అని మేడమ్‌ను నేరుగా లోపలి గదుల్లోకి పిలిచేవారు, ఆమె వెనక నేను. ఇంటింటికీ కొత్త చేతి తొడుగులు, కొత్త పెట్టె. ఎనిమిది నెలలు అలా తిరిగాం. కుక్కల రకం ఈసారి అన్ని ఇళ్ళలో కలిపి ఐదు పిల్లుల్లోనే దొరికింది. సగం కాదు, ఐదే. కానీ ఐదూ నిజం. అంత చిన్న అంకెను చూసి అంత గర్వపడటం నాకు అదే మొదలు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు ఫాతిమా బీ నావైపు చూడలేదు. మేడమ్‌నే ఉర్దూలో అడిగింది, ఈసారైనా నమ్మొచ్చా అని. మేడమ్ ఉర్దూలోనే జవాబిచ్చారు. కుక్కల్ని కొట్టొద్దు, పిల్లికి టీకా వేయిద్దాం అన్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, నాకు బాగా అర్థం కావాలని కాబోలు, ఒక మాట తెలుగులో అన్నారు.

"నమ్ము. తప్పయిందని మీ ఇంటికొచ్చి చెప్పిన పిల్ల ఇది."

మేడమ్ ఇప్పుడు లేరు. సభల్లో నన్ను చాలామంది పరిచయం చేస్తుంటారు, డిగ్రీలన్నీ వరసగా చదివి. మర్యాదగా తల ఊపుతాను. నా అసలు పరిచయం మాత్రం ఆ గుమ్మంలో ఎప్పుడో అయిపోయింది.