పోలయ్య పటానికి లైట్లు

పడవెక్కితే కడుపులో తిప్పే మనిషి గిలకలదిండి లాంటి జాలర్ల ఊళ్ళో పుట్టడమే ఓ విడ్డూరం. దైవాధీనం అలా పుట్టాడు. వాళ్ళ నాన్న రెండేళ్ళు తంటాలుపడి, "వీడికి సముద్రం అచ్చిరాదు" అని తేల్చేసి బందరులో కరెంటు పనికి పెట్టాడు. ఆ పని మాత్రం చక్కగా పట్టుబడింది. చేపల వేలం షెడ్డులో బల్బు ఆరినా, ఐసు ఫ్యాక్టరీలో ఫ్యూజు పోయినా దైవాధీనానికే కబురు.

సముద్రం అచ్చివచ్చినవాడు చెల్లెలి మొగుడు పోలయ్య. ఊరంతా అలాగే అనుకుంది. 2006లో వేటకెళ్ళిన పడవ తిరిగొచ్చింది, పోలయ్య రాలేదు. అప్పటికి చెల్లెలు అచ్చమ్మకు ఏడో నెల. పెళ్ళి ఫొటోలు అంతకుముందే ఓ తుపాను నీళ్ళలో నాని ముద్దయిపోయాయి. ఓటరు కార్డు జేబులో ఉండి అతనితోనే పోయింది. ఇక మిగిలింది గోడమీద ఒక్క పటం. తండ్రి పోయాక పుట్టిన దివ్యశ్రీకి నాన్నంటే ఆ పటమే. అన్నం ముద్ద ముందు దానికి చూపించి తర్వాత తను తినేది.

మూడో సంవత్సరీకం వచ్చింది. "అన్నయ్యా, బందరులో కొత్తరకం దీపాల టేపు వచ్చిందంటగా. ఆయన పటం చుట్టూ పెట్టవా? పిల్ల మురిసిపోద్ది" అంది అచ్చమ్మ. ఈ మూడేళ్ళలో చెల్లెలు నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దైవాధీనం పరుగున వెళ్ళాడు.

"మూడు మీటర్ల ఎల్.ఈ.డీ. టేపండీ, పన్నెండు వోల్టులది. మీటరుకి అయిదు వాట్లు, మొత్తం పదిహేను. పైన కాస్త మిగులుండాలిగా, ఇరవై వాట్ల డ్రైవరివ్వండి" అన్నాడు షాపాయన గోవర్ధనరావు గారితో. డ్రైవరంటే ఇంటి కరెంటును టేపుకు తగ్గట్టు దించి ఇచ్చే డబ్బా.

"లెక్క బాగానే కట్టావయ్యా. కానీ ఉప్పుగాలికి ఆగే సీలు డబ్బా అయిపోయింది. గుడివాడ నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుంది."

సంవత్సరీకం మర్నాడే. ఉన్నదల్లా చిల్లుల రేకు డబ్బా.

"దీనికి గాలాడాలి. చిల్లులు మూశావంటే కాలిపోద్ది" అన్నాడు గోవర్ధనరావు.

"నాకు చెప్తారా అండీ!" అని నవ్వేసి తెచ్చుకున్నాడు దైవాధీనం.

ఆ మధ్యాహ్నం పటం ఎదురుగా స్టూలేసుకుని రెండు గంటలు కూర్చుని టేపు అతికించాడు. తీరా ఆ చిల్లులు చూస్తే మనసొప్పలేదు. గిలకలదిండి ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. అక్కడ సెల్‌ఫోనయినా, వైర్‌లెస్ సెట్టయినా, చివరికి బీడీకట్టయినా పాలిథిన్ కవరులో దూర్చి రబ్బరుబ్యాండు వెయ్యందే ఎవరికీ నిద్రపట్టదు. అతనూ ఆ గడ్డమీద పుట్టినవాడే. కవరు మీద కవరు తొడిగి, రబ్బరుబ్యాండ్లు బిగించి, డబ్బాని పటం వెనక చెక్కమీద పెట్టాడు. గోవర్ధనరావు మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఫ్యాను కింద కూర్చునే మనిషికి మా ఉప్పుగాలి ఏం తెలుసులే అనుకున్నాడు. అతితెలివంటే అదే మరి.

స్విచ్చి వెయ్యగానే దివ్యశ్రీ చప్పట్లు కొట్టింది. అచ్చమ్మ ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పొద్దున లైట్లు వెలిగించి, అందరూ గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వడానికి ఒడ్డుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి కిటికీలోంచి పొగ. దైవాధీనం మెయిను ఆపి, తడి గోనెసంచులు కప్పి మంట ఆర్పాడు. డబ్బా మాడి, కవర్లు కరిగి, చెక్క అంటుకుని, పటం బూడిదైంది. ఇంట్లో ఇంకేమీ కాలలేదు.

"ఇల్లు దక్కింది, అదే పదివేలు" అన్నారు ఇరుగుపొరుగు. ఆ మాటకి దైవాధీనం గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అచ్చమ్మ చీపురు తీసుకుని బూడిద ఎత్తసాగింది. తిట్టినా బాగుండును.

మధ్యాహ్నం దివ్యశ్రీ అన్నం ముద్ద పట్టుకుని నల్లబడ్డ గోడ ముందు నిలబడింది. "నాన్నేడీ?" అంది.

అచ్చమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. "నాన్న ఎలా ఉండేవాడో అమ్మ చెప్తుందిగా. ఉంగరాల జుట్టు. పెద్ద చెవులు. కంటి కింద పుట్టుమచ్చ..." అని చటుక్కున ఆగిపోయింది. "అన్నయ్యా, ఏ కంటి కిందో నాకు గుర్తు రావట్లేదు. నిన్న అంతసేపూ పటం ముందే కూర్చున్నావుగా. నువ్వు చెప్పు."

దైవాధీనం కళ్ళు మూసుకున్నాడు. టేపు ఎక్కడ మలుపు తిప్పాడో కనిపించింది. ఏ మూల సోల్డరింగు పెట్టాడో కనిపించింది. మధ్యలో పోలయ్య ముఖం ఎంత వెతికినా కనిపించలేదు.